నీ అమ్మోనైట్ సంగతి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,


నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న అమ్మోనైట్ శిలాజం ఫొటోలు చూశాను. రాయి బాగుంది. నిలువునా కోసి పాలిష్ పట్టారు కాబట్టి లోపలి గదులన్నీ కనిపిస్తున్నాయి. ఆ తేనెరంగు కాల్సైటుది. జీవి చచ్చిపోయి గుల్ల బురదలో కూరుకుపోయాక, నీటిలో కరిగివచ్చిన సున్నం ఖాళీ గదుల్లో పేరుకుంది. వెలుపలి అంచు వెంబడే సన్నటి గొట్టం జాడ పోతోంది, ఫొటో పెద్దది చేసి చూడు. గదుల్లోని నీటిని తోడేసి నీళ్లలో తేలడానికి ఆ జీవికి అదే ఆధారం. ఇప్పటి నాటిలస్‌లోనైతే అది గది మధ్యలోంచి పోతుంది. అంచున ఉంది గనక నీది అమ్మోనైటే.

అమ్మినవాడు ‘జురాసిక్’ అన్నాడే, అది మాత్రం నేను ఒప్పుకోను. మడగాస్కర్ నుంచి ఇలా జతలుగా కోసి అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ క్లియోనిసెరాస్ అనే రకం. వయసు సుమారు 11 కోట్ల ఏళ్లు, అంటే క్రెటేషియస్. జురాసిక్ అంతకు మూడున్నర కోట్ల ఏళ్ల ముందే ముగిసింది. సినిమా పుణ్యమా అని ఆ పేరు పెడితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి, అంతే.

ఇదంతా ముసలాయన చాదస్తం అనుకోకు. అమ్మోనైట్ విలువంతా ఆ వయసులోనే ఉంది. ఒక్కో జాతి త్వరగా పుట్టి త్వరగా పోయేది, ఉన్న కొద్దికాలంలోనే దూరదూరాల సముద్రాలకు పాకేది. అందుకే 1850ల్లో జర్మనీలో ఆపెల్ అనే శాస్త్రవేత్త జురాసిక్ పొరలను అమ్మోనైట్లను బట్టి జోన్లుగా విడగొట్టగలిగాడు. ఒక్కో జోను నిడివి చాలాచోట్ల పది లక్షల ఏళ్లకు మించదు. కోట్ల ఏళ్ల లెక్కల్లో అది ఎంత సన్నటి కొలతో ఆలోచించు. మన దేశంలోనూ అంతే. కచ్ అమ్మోనైట్లను 1873-75లో వాగెన్ వర్ణించాడు, 1927-33లో లండన్ నుంచి స్పాత్ వాటిని మళ్లీ మొదటినుంచీ పరిశీలించి రాశాడు. భుజ్ చుట్టుపక్కల ఏ పొర యూరప్‌లో ఏ పొరకు ఈడో చెప్పగలుగుతున్నామంటే ఈ గుల్లల చలవే.

మీ ఆఫీసు చుట్టూ మాత్రం వెతక్కు. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల్లో బేస్‌మెంట్ల కోసం పేల్చేది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కరిగిన రాయి భూమి లోపల గడ్డకట్టింది, అందులో జీవి జాడ ఎక్కడిది? (దుర్గం చెరువు పక్క గుండ్లను ఊరికే అయినా చూసిరా, అవీ పోకముందే.) తెలంగాణలో జురాసిక్ రాయి ప్రాణహిత-గోదావరి లోయలో ఉంది. యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు జీఎస్‌ఐ (భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ)కి చెందిన యాదగిరి 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు, దాని అస్థిపంజరం బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. కానీ ఆ పొరలు నదులూ చెరువులూ వేసిన మట్టి. సముద్రపు ప్రాణి అక్కడ దొరకదు.

మన తెలుగు నేల మీద అమ్మోనైట్ కావాలంటే ఒంగోలు వైపు పోవాలి. అక్కడి వేమవరం షేల్ అనే బురదరాతి పొరల్లో ఆకుల అచ్చులు ఎక్కువ. వాటిని చూసి ఆ పొరలు జురాసిక్ అని చాలాకాలం అనుకున్నారు. అప్పట్లో సముద్రం అక్కడిదాకా వచ్చింది కాబట్టి, ఆకులతో పాటు అమ్మోనైట్లూ చిక్కాయి. కచ్ సంగతి చూసిన స్పాతే వీటినీ చూసి, జురాసిక్ కాదు, తొలి క్రెటేషియస్ అన్నాడు. అక్కడి బూదవాడ ఊరి పేరుతో పాస్కోయిటిస్ బుడవాడెన్సిస్ అని ఒక జాతే ఉంది. అవి నలిగి అణిగిపోయిన ముద్రలు, నీ పాలిష్ రాయి పక్కన పెడితే ఎవరూ తిరిగి చూడరు. అయినా ఒక ప్రాంతం వయసునే మార్చేశాయి. ఏ ఊరు, ఏ పొర అన్న వివరం వాటి వెంట ఉండబట్టే అది సాధ్యమైంది. టైమ్‌స్టాంప్ లేని లాగ్ లైను చేతికిస్తే నువ్వేం చేస్తావు? ఊరూ పొరా తెలియని శిలాజమూ అలాంటిదే.

అసలు జురాసిక్‌దే కావాలని మనసైతే డబ్బు పోయనక్కర్లేదు. మీ అమ్మ దేవుడి మందసంలో సాలగ్రామం ఉంది కదా. నేపాల్ గండకీ నదిలో దొరికే చక్రాల సాలగ్రామాల్లో చాలావాటి లోపల ఉన్నది జురాసిక్ అమ్మోనైటే. హిమాలయాలు లేవక ముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. ఆ అడుగు బురదే నల్లటి షేల్‌గా మారి, మడతలు పడి పైకి లేచింది. పండగనాడు అభిషేకం చేసేటప్పుడు అమ్మనడిగి టార్చి వెలుగులో చూడు, చుట్టల మీద గీతలు తెలుస్తాయి. సుత్తి మాట మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకు.

ఇక ఆ అమ్మినవాడికి మెయిలు పెట్టు. మడగాస్కర్‌లో ఏ ఊరి దగ్గర, ఏ పొరలో దొరికిందో అడుగు. చెబితే చీటీ మీద రాసి రాయికి అంటించు, చెప్పకపోతే ‘చోటు తెలియదు’ అని రాయి. జురాసిక్ అన్న చీటీ మాత్రం పీకెయ్.

మీ
పెదనాన్న