నేల మార్చే ముందు: దుమ్ము, చెక్క, టైల్స్

కువైట్‌లో అంతర్జాతీయ ప్రదర్శనశాలలకు పేరుపొందిన మిష్రిఫ్ ప్రధానంగా నివాసప్రాంతం. అక్కడి పాత విల్లాలను పునరుద్ధరించేటప్పుడు ముందుగా యజమానుల దృష్టి నేలపై పడుతుంది. అరిగిన మొజాయిక్ పలకలను పెకలించి, హాలులోను పడకగదులలోను చెక్కను, వంటగదిలోను స్నానపుగదిలోను పింగాణీ టైల్స్‌ను పరిపిస్తారు. ఆ పని చేసే చేతులలో తెలుగువారివీ ఉంటాయి. ఆ నేలను చూసి ముచ్చటపడి, స్వగ్రామంలోని తమ ఇంటికీ అటువంటిదే వేయించాలని తలచే కుటుంబాలూ ఉంటాయి. ఇరువురికీ ఉపకరించే రసాయనశాస్త్ర విషయాలు మూడు ఉన్నాయి.

దుమ్ము

సిమెంటులో కలిసిన ఇసుక, గ్రానైటు, పింగాణీ టైల్ - వీటన్నిటిలోను ఎక్కువో తక్కువో ఉండే పదార్థం క్వార్ట్జ్, అనగా స్ఫటికరూపంలోని సిలికా. యంత్రంతో కోసినప్పుడు ఇది కంటికి కనిపించనంత సన్నని ధూళిగా మారుతుంది. మిల్లీమీటరులో రెండువందలవ వంతు కంటె చిన్నవైన రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల వరకు చేరగలవు. అక్కడి రక్షకకణాలు వాటిని మింగుతాయిగాని కరిగించలేక తామే నశిస్తాయి. ఆ చోట మచ్చకట్టి, మెత్తని ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. పనిచోట్ల పీల్చే ఈ ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిర్ధారించింది. అమెరికా 2016లో విధించిన పరిమితి, 8 గంటల పనికి సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు మాత్రమే. అది ఒక పంచదార పలుకు బరువులో చిన్న భాగం.

నివారణ మాత్రం సులభం. కోతపెట్టే చోట సన్నని నీటిధార పడుతుంటే ధూళి గాలిలోకి లేవడం చాలావరకు తగ్గుతుంది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఈ రేణువులను ఆపలేదు. ఎన్-95 వంటి మాస్కు ముఖానికి బిగుతుగా అమరాలి. పొడి చీపురుతో ఊడ్వరాదు.

మరొక హెచ్చరిక. 1980ల ఆరంభం వరకు అనేక దేశాలలో తయారైన వినైల్ పలకలలోను, వాటి కింది నల్లని జిగురులోను ఆస్బెస్టాస్ కలిపేవారు. అంతటి పాత వినైల్ కనబడితే పగులగొట్టక, గీకక ముందుగా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. చెక్కుచెదరకుండా ఉన్న పలకలను కదిలించక, వాటిపైనే కొత్త నేల పరచడం తరచుగా క్షేమకరం.

చెక్క

చెట్టు కొట్టినా చెక్క తేమతో చెలిమి మానదు. చెక్కలోని సెల్యులోజ్ అణువులకు ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు గాలిలోని నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, వెడల్పులోనే అధికం.

ఏసీ నడిచే మిష్రిఫ్ గదిలో సాపేక్ష ఆర్ద్రత 40 శాతమైతే, చెక్కలో తేమ సుమారు 8 శాతం వద్ద నిలుస్తుంది. కోనసీమలో వర్షకాలపు ఆర్ద్రత 70 శాతం దాటుతుంది. 70 శాతం వద్దనే చెక్క తేమ సుమారు 13 శాతానికి చేరుతుంది. ఈ 5 శాతం తేడాకు 12 సెంటీమీటర్ల వెడల్పు గల ఓక్ పలక 2 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. టేకు పలక అందులో సగమే పెరుగుతుంది. మన పెద్దలు ద్వారబంధాలకు టేకును ఎంచుకోవడంలోని విజ్ఞత ఇందులోనూ కనిపిస్తుంది. అయినా 4 మీటర్ల గదిలో 33 టేకు పలకలు కలిసి, లెక్క ప్రకారం, 3 సెంటీమీటర్లకు పైగా చోటు కోరుతాయి. గోడల వెంట ఖాళీ విడువకపోతే నేల మధ్యలో పైకి లేస్తుంది.

కావున పలకలను పరచడానికి ముందు కొన్ని రోజులు ఆ గదిలోనే, నివసించేటప్పటి వాతావరణంలోనే ఉంచాలి. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించి చేసిన చెక్కలో ఈ కదలిక తక్కువ. కింది కాంక్రీటులో తేమ ఉందేమో తెలుసుకోవడానికి పాలిథీన్ షీటును అంచులు మూసి అతికించి, 16 గంటల తరువాత తీసి చూడాలి. అడుగున చెమ్మ కనబడితే ఆగవలసిందే.

టైల్స్

పాత మట్టి టైల్‌లో సూక్ష్మ రంధ్రాలుంటాయి. సిమెంటుపాలు వాటిలోకి ఇంకి, లోపలే గట్టిపడి టైల్‌ను పట్టుకుంటుంది. పింగాణీ టైల్‌ను సుమారు 1200 డిగ్రీల వద్ద కాల్చినప్పుడు ఫెల్డ్‌స్పార్ కరిగి గాజువలె రంధ్రాలను పూడ్చివేస్తుంది. అది తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చదు. అందువల్ల ఉత్త సిమెంటు దానిని గట్టిగా పట్టలేదు, పాలిమర్ కలిపిన అతుకుమందు వాడాలి. టైల్‌ను తట్టినప్పుడు డొల్లశబ్దం వస్తే పట్టు లేదని గ్రహించాలి.

సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో రసాయనచర్య జరిపి గట్టిపడుతుంది. కువైట్ వేసవి గాలి ఆ నీటిని ముందే హరిస్తుంది. కనుక టైల్స్ కింద పోసిన గచ్చును తగినన్ని రోజులు తడిగా ఉంచాలి.

మిష్రిఫ్‌లో నిలిచిన నేల అమలాపురంలో అలాగే నిలుస్తుందని భావించరాదు. స్వగ్రామంలో ఇల్లు కట్టించేవారు నమూనా ఫోటోతో పాటు, ఆ గదిలో ఏడాది పొడవునా గాలి ఎలా ఉంటుందో, ఏసీ నడుస్తుందో లేదో కూడా మేస్త్రీకి చెప్పాలి. కోత యంత్రానికి నీటి ఏర్పాటు ఉన్నదా అని కూడా విచారించాలి. ఆ ప్రశ్న ఒక కార్మికుని ఊపిరిని కాపాడవచ్చు.