క్రెడిట్ కార్డు మన ఇంటికి అవసరమా?
(కుటుంబ పాఠము)



కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత మా ఊరి పిల్లలు అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. అట్టివారిలో ఒక యువకుడు కొంతకాలము క్రిందట రాత్రివేళ మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, నెలనెలా కడుతూనే ఉన్నాను. బాకీ మాత్రం తగ్గడం లేదు. ఎందుకు?" అని అడిగెను. చెల్లెలి పెండ్లికి క్రెడిట్ కార్డుమీద 40,000 రూపాయల సామాను కొన్నాడట. తల్లికి ఈ సంగతి తెలియదు. మేము కాగితము, పెన్సిలు తీసికొని అతనితో కూర్చుంటిమి. ఆ రాత్రి వేసిన లెక్కయే ఈ పాఠము.

1. కార్డు అనగానేమి?

డెబిట్ కార్డు గీసినప్పుడు మన ఖాతాలోని మన డబ్బే పోవును. క్రెడిట్ కార్డు గీసినప్పుడు బ్యాంకువారి డబ్బు పోవును. దానిని మనము తిరిగి కట్టవలెను. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకము మనకు క్రొత్త కాదు. సరుకు నేడు, డబ్బు జీతమునాడు. ఇదియు అటువంటిదే. అయితే ఒక భేదమున్నది. కొట్టు యజమాని మన స్థితి తెలిసినవాడు గనుక, "ఈ నెలకు ఇక చాలండి" అని ఆపును. కార్డు అట్లు ఆపదు. పరిమితి ముగియువరకు ఇచ్చుచునే యుండును.

ఇది మనవారికి తెలియని వస్తువు కాదు. 1923లో మచిలీపట్నములో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టెను. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది.) నాడు కార్డు కొద్దిమందికే పరిమితము. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుటకు రిజర్వు బ్యాంకు అనుమతించుటతో, చిన్న అంగడిలో కూడ ఫోను చూపించి అప్పుమీద కొనుట సాధ్యమైనది. సులువు పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలెను.

2. దానివలన మేలు కలదా?

కలదు. ఉన్న మేలును లేదనుట న్యాయము కాదు.

మొదటిది: బిల్లు మొత్తమును గడువులోగా పూర్తిగా కట్టినయెడల వడ్డీ లేదు. కొన్న తేదీని బట్టి గరిష్ఠముగా సుమారు 45 లేక 50 దినముల వరకు ఈ సౌకర్యము దొరకును.

రెండవది: బంధువులకు దూరముగా నివసించు మనవంటివారికి అర్ధరాత్రి ఆసుపత్రిలో ముందుగా కట్టవలసిన డబ్బుకు, అకస్మాత్తు ప్రయాణమునకు అది అక్కరకు వచ్చును.

మూడవది: సకాలములో కట్టువారికి క్రెడిట్ స్కోరు పెరుగును. ఇది 300 నుండి 900 వరకు ఉండు అంకె. రేపు ఇంటి అప్పు అడిగినప్పుడు బ్యాంకువారు దీనిని చూతురు. కట్టుట తప్పినయెడల అదే అంకె పడిపోవును.

3. నష్టము ఎక్కడ దాగియున్నది?

బిల్లుమీద రెండు అంకెలుండును. ఒకటి మొత్తము బాకీ, రెండవది కనీసము కట్టవలసినది. మన యువకుడు ఆ రెండవ అంకెనే చూచి, నెలకు 2,000 రూపాయల చొప్పున కట్టెను. ఇప్పుడు లెక్క చూడుడి.

బాకీ 40,000. కట్టినది 2,000. మిగిలినది 38,000. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 1,330. ఆ వడ్డీమీద 18 శాతము జీఎస్టీ సుమారు 239. కలిపితే మరుసటి బిల్లు 39,569. అనగా 2,000 కట్టగా తగ్గిన అప్పు 431 రూపాయలు మాత్రమే! ఈ విధముగా ఎనిమిది నెలలు కట్టిన తరువాత, అతడిచ్చినది 16,000. ఇంకను మిగిలిన బాకీ సుమారు 36,000. ఈ లెక్కలో కొన్న తేదీనుండి పడు వడ్డీని మేము చేర్చలేదు. అదియు చేర్చిన బాకీ ఇంకను ఎక్కువగును.

మన పల్లెలలో రెండు రూపాయల వడ్డీ అనగానే పెద్దలు వెనుకాడుదురు. ఇది మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి నూటికి 42. ముప్పది శాతమునకు మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పెను గాని, ఆ తీర్పును సుప్రీం కోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసెను. కాబట్టి ఆ కట్టు ఇప్పుడు లేదు. మన జాగ్రత్తయే మనకు కంచె.

మరి రెండు సంగతులు. పాత బాకీ మిగిలియుండగా క్రొత్తగా కొనినదానికి వడ్డీలేని గడువు సాధారణముగా దొరకదు. కొన్ననాటినుండే వడ్డీ నడచును. ఏటీఎంలో ఈ కార్డుతో నగదు తీసినయెడల రుసుము వేరు, వడ్డీ తీసిన దినమునుండే. కాబట్టి నగదు ఎన్నడును తీయవద్దు.

4. ఎవరికి తగును? ఎవరికి తగదు?

నెలజీతము క్రమముగా వచ్చుచు, కార్డు లేకున్నను ఆ వస్తువును కొనగల శక్తి ఉండి, ప్రతి నెల పూర్తి బిల్లు కట్టగల అలవాటు గలవారికి తగును. దినకూలివారికి, జీతము ముందే అయిపోవువారికి, ఇదివరకే అప్పులున్నవారికి, కొనవలెనను కోరికను ఆపుకొనలేనివారికి తగదు. ఏడాది రుసుమును, వచ్చు లాభమును ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడి. వెయ్యి రూపాయల బహుమానము కొరకు అవసరము లేని పదివేల సామాను కొనినయెడల అది లాభము కాదు.

5. సంతకమునకు ముందు, తరువాత

మన పెద్దలలో చాలామంది తెలుగే చదువుదురు. కాగితములు ఇంగ్లీషులోనో, సోలాపురములో మరాఠీలోనో, బరంపురములో ఒడియాలోనో ఉండును. చదువుకొన్న మనుమనిచేతనో మనుమరాలిచేతనో చదివించుకొని అర్థమైన తరువాతనే సంతకము చేయుడి. వడ్డీ, రుసుములు తెలుపు ఒక పేజీ వివరపత్రమును అడుగుడి. ఓటీపీ ఎవ్వరికిని చెప్పవద్దు.

రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము, మనము కోరకుండ కార్డు ఇచ్చుట నిషిద్ధము. బాకీ తీర్చి కార్డు మూసివేయమని కోరినప్పుడు ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైన ప్రతి దినమునకు 500 రూపాయలు మనకు చెల్లించవలెను. అన్యాయము జరిగినట్లయితే మొదట బ్యాంకునకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి రసీదు ఉంచుకొనుడి. ముప్పది దినములలో పరిష్కారము రానియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ మొరపెట్టుకొనవచ్చును.

ఇక ఆ యువకుని మాట. "మొదట మీ అమ్మకు చెప్పు" అని మేము చెప్పితిమి. అతడు రెండు దినములు తటపటాయించి చెప్పెను. ఆ తల్లి కోపపడలేదట. తన చీటీ డబ్బులోనుండి 25,000 తీసి ఇచ్చి, "ముందే చెప్పి ఉంటే ఇంత వడ్డీ పోయేది కాదు గదరా" అన్నదట. మిగిలినది మూడు నెలలలో తీర్చివేసెను. కార్డు ఇంకను ఉన్నది, కాని అది అమ్మ పెట్టెలో ఉన్నది. దాచిపెట్టిన అప్పు పెరుగును. ఇంటిలో చెప్పుకొన్న అప్పు తీరును. ఈ పాఠములో మేము నేర్చుకొన్నది కూడ ఇదియే.

ఇంటిలో కలిసి ఆలోచించుటకు ప్రశ్నలు:

1. గత మూడు నెలలలో మన ఆదాయమెంత, ఖర్చెంత? ఎంత మిగిలినది?
2. కార్డు మనకు ఏ అవసరమునకు? ఆ అవసరమునకు కొంత పొదుపు ముందే చేయలేమా?
3. ఒక నెల జీతము రాకున్నను బిల్లు పూర్తిగా కట్టగలమా?
4. మన ఇంటిలో ఒకరికి తెలియకుండ మరొకరు చేసిన అప్పు ఏదైన ఉన్నదా?

నాలుగవ ప్రశ్నకు ఈ వారమే జవాబు చెప్పుకొనుడి.