పోటీ పరీక్షల ప్రత్యేకం: క్యాన్సర్ కణంపైనే గురి

పెదవేగి, ఏలూరు అభ్యర్థులు ముందుగా మన గడ్డపై పుట్టిన శాస్త్రవేత్త పేరు గుర్తుంచుకోవాలి: యల్లాప్రగడ సుబ్బారావు. జననం 1895 జనవరి 12, భీమవరం. మరణం 1948 ఆగస్టు, న్యూయార్క్. తపాలా బిళ్ల 1995.

అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన క్యాన్సర్ మందులు: అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లంలో ఒక్క హైడ్రాక్సిల్ తీసి అమైనో సమూహం పెడితే అమినోప్టెరిన్. దానికి ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. కణం దీన్ని ఫోలిక్ ఆమ్లమనుకుని మోసపోతుంది, డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. రక్తక్యాన్సర్ పిల్లలపై అమినోప్టెరిన్ వాడి చూసినవారు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ (1947-48). అమినోప్టెరిన్-ఫార్బర్ జత తప్పక అడుగుతారు. బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్ కూడా సుబ్బారావు బృందానిదే. ఇంత చేసిన మనిషికి నోబెల్ రాలేదన్నది నాకు ఇప్పటికీ బాధే.

పొరపడే చోటు: మెథోట్రెక్సేట్ క్యాన్సర్ కణాన్నే కాదు, వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే నోటిపూత, జుట్టు రాలడం. ఆరోగ్యకరమైన కణాల్ని కాపాడే విరుగుడు ల్యూకోవోరిన్.

అసలైన గురి మందు: ఇమాటినిబ్ (అమెరికా అనుమతి 2001). లక్ష్యం బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్. మూలం ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (9, 22 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి). వ్యాధి: దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా.

చట్టం: ఇమాటినిబ్ పేటెంట్‌పై నోవార్టిస్ కేసు, సుప్రీంకోర్టు, 2013 ఏప్రిల్ 1, పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి). దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు: 2012 మార్చి, సెక్షన్ 84, క్యాన్సర్ మందు సొరాఫెనిబ్, హైదరాబాద్ కంపెనీ నాట్కోకు. నెల మందు ధర రూ.2.80 లక్షల నుంచి రూ.8,880కి దిగింది.