జింకు రేకులు కాదు, జింకు మాత్రలు

జింకు అనగానే మనకి ముందు గుర్తొచ్చేవి ఇంటిమీది జింకు రేకులే. ఇనప రేకు తుప్పు పట్టకుండా పైన పూసే లోహమే జింకు. యశదం అని కూడా అంటారు. అది మన ఒంట్లోనూ ఉంటుందంటే మొదట నేను నమ్మలేదు.

పెద్ద మనిషి ఒంట్లో మొత్తం రెండు మూడు గ్రాములే ఉంటుంది. అయినా ఎదుగుదలకి, పుండు మానడానికి, నాలుకకి రుచి తెలియడానికి, రోగాలను తట్టుకోవడానికి అది కావాలి. చిక్కేమిటంటే శరీరం దీన్ని కొవ్వులా దాచుకోలేదు. ఏ రోజుది ఆ రోజు తిండిలోంచి రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13 కావాలి.

బీహారులో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్ వెళ్ళారు. అక్కడ 21 ఏళ్ళ యువకుడు పదేళ్ళ పిల్లాడిలా కనిపించాడు. తిండి పులియని గోధుమ రొట్టె, మాంసం లేదు. తర్వాత ఈజిప్టులో అలాంటివాళ్ళకి జింకు ఇస్తే ఏడాదిలో అయిదారు అంగుళాలు పెరిగారు! గోధుమల్లో, చోళ్ళలో, పప్పుల్లో ఫైటేటు అనే పదార్థం జింకుని పట్టేసుకుని పేగులకి అందనివ్వదు. నానితే, పులిస్తే, మొలకెత్తితే ఆ పట్టు సడలుతుంది. మన అవ్వలు చోడిపిండి పులియబెట్టి అంబలి కాచింది ఊరికే కాదన్నమాట. గుడ్డు, మాంసం, శనగలు, గుమ్మడి పిక్కలు, అనకాపల్లి బెల్లంతో చుట్టిన నువ్వుండ, వీటన్నిటిలో జింకు ఉంది. గుగ్గిళ్ళు పళ్ళెం పక్కన పారేసేవాళ్ళు (పేర్లు రాయను) ఇది రెండుసార్లు చదవాలి.

ఇక అసలు సంగతి. నీళ్ళ విరేచనాలైతే ఉప్పు, నీరుతోపాటు జింకు కూడా పోతుంది. అందుకే 2004 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ పిల్లలకి ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు ఇమ్మంటున్నాయి. మన ఆశా అక్కలు ఇచ్చేది అదే. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకొక 20 మిల్లీగ్రాముల మాత్ర, రెండు నుంచి ఆరు నెలల పసివాళ్ళకి సగం. చెంచాడు మంచినీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించి పట్టాలి. మొత్తం 14 రోజులు. ఒంటికి మంచిదని మనం ఊరికే మింగకూడదు, ఎక్కువైతే వాంతులవుతాయి.

ఈ పద్నాలుగు దగ్గరే మా ఇంట్లో తప్పు జరిగింది. వానాకాలంలో మా రెండేళ్ళ తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకి తగ్గాయి. "ఆగిపోయాయి కదా, ఇంక మందెందుకు, వేడి సేస్తాది" అని అమ్మ ఆపేసింది. దసరా సెలవులకి వెళ్తే గూట్లో అగ్గిపెట్టె పక్కన పదకొండు మాత్రలు అలాగే ఉన్నాయి. తమ్ముడికి మళ్ళీ విరేచనాలు. కళ్ళు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. నర్సమ్మ గారు చెప్పారు: మోషన్లు ఆగినా మాత్ర ఆపకూడదు, లోపల పేగు బాగుపడాలి, పూర్తిగా వాడితే తర్వాత రెండు మూడు నెలలు మళ్ళీ వచ్చే బెడద తగ్గుతుంది. అమ్మనేం అంటాను? చీటీ మీద రాసింది ఆమె చదవలేదు. చదవగలిగిన నేను హాస్టల్లో ఉన్నాను.

ఈసారి గోడమీద బొగ్గుతో పద్నాలుగు గీతలు గీసి వచ్చాను. మాత్ర వేసిన రోజు ఒక గీత కొట్టెయ్యమన్నాను. సంక్రాంతికి వెళ్ళి చూస్తే పద్నాలుగూ కొట్టేసి ఉన్నాయి. పక్కింటి అత్త కూడా వాళ్ళ గోడమీద గీసుకుంది.

- 9వ తరగతి విద్యార్థి