మినుములో బూడిద తెగులుకు తుమ్మ బెరడు కషాయం

తుమ్మ బెరడును పంటితో నమిలితే నాలుక పట్టేసే వగరు తగులుతుంది. ఆ వగరంతా టానిన్లదే. ఇవి ప్రొటీన్లకు అంటుకుని వాటిని పనికిరాకుండా చేస్తాయి. శిలీంధ్రం ఆకు మీద ఆహారం తీసుకోవడానికి వదిలే ఎంజైములూ ప్రొటీన్లే కాబట్టి అక్కడ దాని ఆట సాగదు. నల్లతుమ్మ, తంగేడు చెక్కతో తోళ్లను పదును చేసేది కూడా ఈ గుణం వల్లనే.

అయితే బెరడు కషాయం ఆకు లోపలికి ఇంకి రోగాన్ని నయం చేసే మందు కాదు. తగిలిన చోటే పనిచేస్తుంది. అందుకే వేరుశనగ తిక్కా మచ్చ వంటి, ఆకు లోపల పెరిగే తెగుళ్లపై దీన్ని నమ్ముకోకూడదు. బూడిద తెగులు సంగతి వేరు. ఆ శిలీంధ్రం ఆకు పైనే తెల్లగా పాకుతుంది కనుక కషాయం నేరుగా దానికి తగులుతుంది.

కోస్తా మాగాణుల్లో వరి కోతల వెనుక వేసిన మినుము, పెసర పైర్లలో విత్తిన 30–35 రోజుల తర్వాత ఈ తెగులు కనిపిస్తుంది. మొదట కింది ముదురాకులపై పిండి చల్లినట్టు చిన్న మచ్చలు వస్తాయి. కషాయం చల్లవలసింది అప్పుడే.

కిలో ఎండు బెరడు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం కాసేపు మరిగించి, చల్లారాక పలుచని గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి. లేకుంటే నాజిల్ మూసుకుపోతుంది. ఇనుప పాత్ర వాడకూడదు. టానిన్లు ఇనుముతో కలిసి కషాయం సిరాలా నల్లబడుతుంది, బలం తగ్గుతుంది. మట్టి కుండ గానీ స్టీలు పాత్ర గానీ మేలు. ఆకుకు అంటుకోవడానికి కొద్దిగా కుంకుడు రసం కలిపి, ముందు నాలుగైదు మొక్కలపై చల్లి రెండు రోజులు చూడాలి. ఆకులు మాడకపోతే సాయంత్రం పూట ఆకు పైనా కిందా తడిసేలా చల్లాలి. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లక తప్పదు.

ట్రైకోడెర్మాతో దీన్ని కలపరాదు. అదీ శిలీంధ్రమే, మేలు చేసేదీ దెబ్బతింటుంది.

బెరడును నరికిన కొమ్మల నుంచే తీసుకోవాలి. కాండం చుట్టూ వలయంగా ఒలిస్తే వేళ్లకు ఆహారం అందక చెట్టే చస్తుంది.

తెగులు పై ఆకులకు పాకిందంటే కషాయంతో కాలయాపన చేయక, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి వెంటనే పిచికారి చేయాలి.