సర్గోను ఎవరు?

పఠనభాగము: యెషయా 20వ అధ్యాయము

ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లా శిథిలముల నడుమ అశోకుని స్తంభమొకటి నిలిచియున్నది. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ దానిని తోప్రా గ్రామమునుండి తెప్పించెను. దాని లిపిని చదువగలవారు ఆనాడు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివినప్పుడే ఆ రాతికి నోరు వచ్చెను.

అష్షూరు రాజుల కథయు ఇట్టిదే. యెషయా 20:1లో అష్షూరు రాజైన సర్గోను పేరున్నది. బైబిలులో మరెక్కడను అది లేదు. అందుచేత ఇది మరియొక రాజునకు మారుపేరై యుండునని కొందరు పండితులు తలంచిరి. 1843లో ఫ్రాన్సు దేశపు కాన్సలగు బొట్టా, మోసులు చెంత ఖోర్సాబాదు దిబ్బను త్రవ్వగా రాజభవనమొకటి బయల్పడెను. మేకులవంటి గుర్తులతో గోడలపై చెక్కిన వ్రాతను పండితులు క్రమముగా చదువసాగినప్పుడు అది సర్గోను భవనమేయని తేలెను. 1857లో నలుగురు పండితులు ఒకే అష్షూరు శాసనమును వేర్వేరుగా అనువదింపగా భావము చాలవరకు ఏకీభవించెను. ఆ లిపి పఠనము నమ్మదగినదని లోకమొప్పుకొనెను.

క్రీ.పూ. 722లో సింహాసనమెక్కిన ఈ రాజు పేరు అప్పటికే పురాతనమైనది. క్రీ.పూ. 2300 ప్రాంతమున అక్కదును ఏలిన తొలి సర్గోను, ఎరెకు రాజగు లుగల్‌జగేసిని ఓడించి సుమేరు పట్టణములను లోబరచుకొనెను. మెలుహ్హా ఓడలు తన రేవున నిలిచినవని అతడు చాటుకొనెను. మెలుహ్హా యనగా సింధునదీ ప్రాంతమని పలువురు పండితుల అభిప్రాయము. అచ్చటి ముద్రికలను ఢిల్లీలోని జాతీయ మ్యూజియములో చూడవచ్చును.

అష్షూరు సర్గోనును అట్టి కీర్తినే కోరెను. షోమ్రోనునుండి 27,290 మందిని చెరగొనిపోతినని వ్రాయించెను. అష్డోదు పట్టుబడెను. క్రీ.పూ. 710లో మెరోదక్బలదానును బబులోనునుండి తరిమెను. తన పేరట దూర్ షర్రుకిన్, అనగా సర్గోను కోట, అను క్రొత్త రాజధానిని కట్టి 706లో ప్రతిష్ఠించెను. మరుసటి యేడే యుద్ధములో కూలెను. శవము సహితము దొరకలేదు. కుమారుడైన సన్హెరీబు ఆ పట్టణమును విడిచి నీనెవెను రాజధానిగా చేసికొనెను.

ఢిల్లీ స్తంభముపై అశోకుడు త్రోవల ప్రక్కన మఱ్ఱిచెట్లు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు చెప్పుచున్నాడు. సర్గోను గోడలు చెరపట్టబడినవారి లెక్క చెప్పుచున్నవి. రెండును శతాబ్దములు మౌనముగానుండి, తిరిగి చదువబడినవి. చదువరీ, మన క్రియల లెక్క చదువబడు దినమున అందేమి వ్రాయబడియుండును?