గాంధీగారి ఉత్తరాన్ని అమెరికా పంపవచ్చా?

ప్రశ్న: 1937లో గాంధీగారు మా తాతగారికి సంతకం చేసి రాసిన ఉత్తరం మా ఇంట్లో ఉంది. అమెరికాలో ఉంటున్న తమ్ముడు తనతో తీసుకెళ్తానంటున్నాడు. పాత ఉత్తరాలు సేకరించే ఒకాయన కొంటానని తిరుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు తమ్ముడి సంగతి. ఆ ఉత్తరం దేశం దాటకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం శిల్పాలకు, నాణేలకు వందేళ్లు నిండాలి గానీ, చరిత్ర విలువ ఉన్న రాతప్రతికీ దస్తావేజుకూ 75 ఏళ్లు చాలు. మీ ఉత్తరం 2012లోనే ఆ గీత దాటింది. కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థలు తప్ప ఎవరూ దాన్ని బయటికి పంపకూడదు. పంపితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. పెట్టెలో దాచి తీసుకెళ్లబోయినవారికీ, తెలిసి సాయం చేసినవారికీ అదే శిక్ష. అంటే ఆ శిక్ష మీకూ పడవచ్చు. అది పురావస్తువా కాదా అన్న అనుమానం వస్తే తేల్చేది కేంద్ర పురావస్తు శాఖ. కొరియర్ వాళ్ల మాట చెల్లదు.

ఈ కట్టడి అన్యాయమని మీ తమ్ముడికి అనిపించవచ్చు. నాకు మాత్రం అవసరమనే అనిపిస్తుంది. గాంధీగారి స్నేహితుడు హెర్మన్ కాలెన్‌బాఖ్ దగ్గరున్న ఉత్తరాలు, కాగితాలు 2012లో లండన్‌లో వేలానికి రాబోతుంటే, మన ప్రభుత్వం పెద్ద మొత్తం చెల్లించి కొని ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కు చేర్చాల్సి వచ్చింది.

ఇక అమ్మకం. దేశంలోపల మీ ఇంటి ఉత్తరం ఒక్కటి అమ్ముకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. పురావస్తువుల వ్యాపారం చేసేవారికే అది కావాలి. కానీ అది మీ ఒక్కరిదేనా? తాతగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే మీ నాన్నగారితో పాటు మేనత్తలకూ వాటా ఉంటుంది. ఉత్తరం మీ బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మీదైపోదు. అందరి సమ్మతీ రాతపూర్వకంగా తీసుకోండి.

కొన్నవారికి దక్కేది కాగితం మాత్రమే. అందులోని మాటలు అచ్చువేసుకునే హక్కు రాసినవారిది, ఆ తర్వాత వారి వారసులది. గాంధీగారు బతికుండగా అచ్చైన రచనలకు ఆ హక్కు 2008 చివరితో తీరిపోయింది. ఎక్కడా అచ్చుకాని ఉత్తరం సంగతి వేరు: రచయిత పోయాక వెలువడినదానికి ఆ ప్రచురణ తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. పుస్తకంలో వేసేముందు ఇది చూసుకోవాలి.

సేకరించేవారికీ ఒక మాట. కాగితంపై ఆఫీసు ముద్ర, ఫైలు నంబరు కనిపిస్తే ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. అది ప్రభుత్వ రికార్డు నుంచి జారిపోయినది కావచ్చు. దొంగసొత్తని తెలిసి కొంటే నేరం. తెలియక కొన్నా, అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు. సంతకం అసలుదేనన్న హామీ, ఉత్తరం ఎవరెవరి చేతులు మారిందో వివరం, రెండూ బిల్లు మీదే రాయించండి. వ్యాపారి దగ్గర కొన్నది నకిలీ అని తేలితే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. నోటిమాటతో కొన్నవారికి అక్కడ చూపించడానికి ఏమీ ఉండదు.

అమ్మాలనే ఉంటే ముందు నేషనల్ ఆర్కైవ్స్‌ను అడిగి చూడండి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్న చారిత్రక పత్రాలను అది కానుకగా తీసుకోవచ్చు, కొనుక్కోనూవచ్చు. తమ్ముడికి మంచి స్కాన్ ప్రతి పంపండి, దానికి అడ్డేమీ లేదు.